కనబడని చెరువు

పూర్వము మన గ్రామములలో ఎంత నీరున్నదని ఎవరును ఎవరిని అడుగ నక్కరలేకుండెను. చెరువుకట్టపై నిలిచి చూచిన బాలునికి సైతము అది తెలియుచుండెను. అలుగు పారిన యేడు ఆయకట్టు రైతులు వరి నాటుచుండిరి. చెరువు సగమైనను నిండని యేడు జొన్నతోనో, రాగితోనో తృప్తిపడుచుండిరి.

నేడు మెట్టప్రాంతముల సేద్యమునకు చాలవరకు ఆధారము నేలలోపలి నీరు. అదియు ఒక చెరువే. కాని కంటికి కనబడదు. దానికి కట్ట లేదు, తూము లేదు, కాపరియు లేడు. అందుచే ప్రతి రైతును తన బోరుబావిలోని నీరు తనదేయని తలచుచున్నాడు. పొరుగువాడు 200 అడుగులు త్రవ్వించినచో తాను 300 అడుగులు త్రవ్వించును. ఇద్దరును తోడుచున్నది ఒకే కుండలోని నీరని ఇద్దరికిని తట్టదు. ఆ కుండ అడుగంటిన నాడు ఇద్దరికిని మిగులునది అప్పే.

దీనికి చట్టము చాలదా యని కొందరు అడుగవచ్చును. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకై ఒక చట్టము చేయబడినది. చట్టము అవసరమే. కాని ఊరి నేలలో ఈ యేడు ఎంత నీరున్నదో అది రైతునకు చెప్పజాలదు. తెలియనివానిని దండించుటకంటె ముందు తెలియజెప్పుట న్యాయము.

తెలియజెప్పుట సాధ్యమేయని 2003లో మొదలైన యొక యత్నము చూపినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారముతోను, నెదర్లాండ్స్ ప్రభుత్వ ద్రవ్యసహాయముతోను అది అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలోని 600కు పైగా గ్రామములలో నడచినది. రైతులు, స్త్రీలును పురుషులును, వానను, బావులలోని నీటిమట్టమును తామే కొలుచుట నేర్చిరి. కొలిచిన అంకెలను ఊరందరికి కనబడునట్లు పలకలపై వ్రాసిరి. రబీ పంటకు ముందు సమావేశమై, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత యని లెక్కవేసిరి. ఫలానా పంట మానుమని ఎవరును శాసింపలేదు. లెక్క చూచి పెక్కుమంది వరి తగ్గించి, తక్కువ నీటితో పండు పైరులకు మరలిరి.

ఆ లెక్క ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయదగినదే. ఒక హెక్టారుపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన 10,000 లీటర్ల నీరగును. అనంతపురం ప్రాంతమున సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియును. రాతినేలలలో అందు ఇంచుమించు పదవవంతు మాత్రమే భూగర్భమునకు చేరును. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెను. అనగా వానలు లేని కాలమున ఒక హెక్టారు వరిని బోరునీటితో పండించుటకు, ఇరువది హెక్టార్లకు పైగా భూమిలో ఏడాది పొడవున ఇంకిన నీరు వ్యయమగును!

లెక్క తెలిసినంతనే ఆశ నశించునని నేననను. వరి సులభముగా అమ్ముడుపోవును. అప్పులున్న రైతు దానినే కోరుట సహజము. కావున జొన్న, రాగి వంటి పంటలకు తగిన ధర లభించునట్లు చూచుట ప్రభుత్వముల ధర్మము. అయినను, ఊరి అంకెలు గోడపై అందరి యెదుట నున్నప్పుడు, కొత్త బోరు త్రవ్వింపబోవువాడు ఒకమారైనను ఆగి ఆలోచించును. ఆ ఆలోచనయే విద్యాఫలము.

బాలబాలికలారా! ఏడాదికొకనాడు మొక్క నాటి, నినాదములు పలికినంతమాత్రమున పర్యావరణ విద్య ముగియదు. మీ పాఠశాలలో ఒక వర్షమాపకము నుంచుడు. కురిసిన వానను, ఊరిలోని ఒక బావి నీటిమట్టమును తప్పక వ్రాయుచుండుడు. ఆ పలకను మీ తరగతిగదిలో దాచక, పెద్దలు కూర్చుండు రచ్చబండ చెంత నిలుపుడు. మీ తాతలు కట్టపై నిలిచి చూచిన చెరువును ఊరివారు మరల చూడగలుగుదురు.