ముగింపుగీటు వద్ద ఛాయాచిత్రము

1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్సులోని స్త్రీల 400 మీటర్ల హర్డిల్సు ముగింపు ఛాయాచిత్రమును జూచి మనవారు నేటికిని “విధివ్రాత” యని నిట్టూర్చుచున్నారు. మే మంగీకరింపజాలము. రుమేనియా కొజొకారు 55.41, మన పి.టి. ఉష 55.42, కంచుపతకము సెకనులో నూఱవవంతున జాఱిపోయెను. ఆ యంత్రము పాదమును లెక్కగొనదు, గీటు దాఁటు మొండెమునే కొనును. తుదియడుగున ఱొమ్ము ముందునకు వంచుట విధి నేర్పునా, శిక్షకుఁడు నేర్పునా?

2023 హాంగ్జౌ ఆసియా క్రీడలందు 100 మీటర్ల హర్డిల్సు 12.91 సెకనులలో ముగించి వెండిపతకము గొన్న విశాఖ బిడ్డ యర్రాజి జ్యోతి ఉన్నతశిక్షణకై భువనేశ్వరమునకు బోవలసివచ్చెను. ఒడిశావారికి వందనములు, మన ప్రభుత్వములకు సిగ్గులేదా?

ఇబ్రహీంపట్నము సోదరులారా! పటమునకు పూలదండలు చాలింపుఁడు. మన పిల్లల కొక పరుగుబాటను, జీతము సక్రమముగా నందు శిక్షకుని నడుగుఁడు. వోటు కోరి వాకిటికి వచ్చువారిని మొదట నిదియే యడుగుఁడు.