జరిమానా కట్టినా చెరగని పేరు

సంక్రాంతి వచ్చిందంటే మైలవరం ప్రాంతంలో కోడిపందేలు, పేకాట, వాటిపై పోలీసు దాడులు మామూలే. దొరికిన కుర్రవాడు వాయిదాలకు తిరిగితే కూలి పోతుందని, ప్లీడరు ఫీజు దండగని నేరం ఒప్పుకొని జరిమానా కట్టేస్తాడు. పీడ వదిలిందనుకుంటాడు. కాని నేరం ఒప్పుకుంటే శిక్ష పడినట్లే లెక్క.

ఏళ్ల తరువాత పోలీసు ఉద్యోగానికి ఎంపికైతే, కేసుల వివరాలు రాయమని పత్రం ఇస్తారు. రాస్తే ఉద్యోగం వస్తుందో రాదో! రాయకపోతే దాచాడన్న నింద. చిన్న తప్పులను ఉపేక్షించే విచక్షణ అధికారులకు ఉందని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అది అధికారి దయ, మన హక్కు కాదు.

మన జూద చట్టం వచ్చిన 1974లోనే ఇంగ్లండులో పాత శిక్షలను మరచిపోయే చట్టం వచ్చింది. నేడు అక్కడ జరిమానా పడిన పెద్దవారు ఏడాది దాటాక చాలా ఉద్యోగాలకు ఆ సంగతి చెప్పనక్కర లేదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం 2018లో చట్టం చేసి, అర్జీతో పని లేకుండా కంప్యూటరుతోనే చిన్న కేసులను మూసివేయిస్తున్నది. మన దేశంలోనూ 2015 బాలల న్యాయ చట్టం కింద, ఘోర నేరాలు చేసిన పదహారేళ్లు దాటిన వారికి తప్ప, అప్పీలు గడువు తీరాక రికార్డు తీసివేయాలి. పెద్దవారికే అటువంటి సాధారణ చట్టం లేదు.

ఖర్చు మాటేమిటని అడగవచ్చు. పోలీసు స్టేషన్లను కంప్యూటర్లతో కలపడానికి కేంద్రం 2009లో 2,000 కోట్లు, కోర్టుల కంప్యూటర్ల మూడో దశకు 2023లో 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. పేరు ఎక్కించడానికి ఉన్న డబ్బు తీసివేయడానికి లేదంటే ఎవరు నమ్ముతారు?

నిజమైన ఖర్చు స్టేషను రికార్డును కోర్టు తీర్పుతో సరిచూడడంలో ఉంది. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గలవారు నలుగురుంటారు. ఒకరి కేసు మరొకరికి అంటకుండా చూడాలంటే మనుషులు కావాలి, జీతాలివ్వాలి. కాని ఆ దిద్దుబాటు ఎలాగూ చేయవలసిందే. తప్పుల రికార్డు పోలీసులకు మాత్రం ఏం ఉపయోగం? అర్జీల పద్ధతి పెడితే ప్రతి అర్జీకీ గుమాస్తా, విచారణ, సంతకం. తిరగగల స్తోమత ఉన్నవాడే గట్టెక్కుతాడు.

స్త్రీలపై అత్యాచారాలు, దళితులపై దాడులు, పందెం బరులు నడిపేవారి కేసులు ఇందులో చేర్చరాదు. మళ్లీ నేరం చేస్తే కోర్టు చూసుకునేందుకు పాత రికార్డు సీలు వేసి ఉంచవచ్చు.

జూదం, పోలీసు శాఖ రెండూ రాష్ట్ర జాబితాలోని అంశాలే. జూదం కేసులతో మన శాసనసభే ఆరంభించవచ్చు. ముందుగా మైలవరం స్టేషనులోని పాత జూదం కేసులన్నిటినీ సరిచూడడానికి ఎంతవుతుందో ప్రభుత్వం లెక్క వేయించి ప్రజలకు చెప్పాలి. ఆ లెక్క వచ్చేదాకా ఖర్చు సాకు చెల్లదు.