టైరానోసార్ మన దేశంలో వుండేదా?

కొలిమిగుండ్ల నాపరాయి గనుల దగ్గర తిరిగే పిల్లలు, "పలక చీలిస్తే టైరానోసార్ ఎముక దొరుకుతుందా, మాస్టారూ?" అని అడుగుతూంటారు. దొరకదు. బెలుం గుహలున్న ఆ సున్నపురాయి ఏర్పడేనాటికి భూమిమీద ఎముకలున్న ప్రాణే పుట్టలేదు!

మరి జబల్పూరులో? అక్కడి బారా సిమ్లా గుట్టలో మాట్లీ అనే దొర 1917-19 మధ్య ఎముకలు తవ్వించాడు. 1933లో ఆయనా, జర్మను పండితుడు ఫాన్ హ్యూనే కలిసి వాటిలో ఒక మాంసాహారికి ఇండోసూకస్ అని పేరు పెట్టారు. తరవాత కొందరు దాన్ని టైరానోసార్ల వంశంలో చేర్చారు. ఆధారం పుర్రె ముక్కలే మరి!

వంశం గుర్తుపట్టేది పళ్ళనూ, పుర్రెనూ బట్టి. టైరానోసార్ పైదవడ ముందుపళ్ళను అడ్డంగా కోస్తే, సగానికి కోసిన నిమ్మచెక్కలా ఒకవైపు బల్లపరుపుగా, ఒకవైపు గుండ్రంగా వుంటాయి. 1985లో అర్జెంటీనా పుర్రె ఒకదానికి అబెలిసారస్ అని పేరు పెట్టారు. ఇండోసూకస్ దాని చుట్టమేనని తేలింది. ఈ చుట్టాలకు మూతి పొట్టి. మడగాస్కరులోనూ వున్నారు.

కారణం పటం చూస్తే తెలుస్తుంది. మంగోలియాలో టార్బోసారస్, అమెరికాలో టైరానోసారస్ రెక్స్. ఆసియాకూ అమెరికాకూ అలాస్కా వైపున నేలదారి వుండేది. మన దేశమో, మడగాస్కరును విడిచి, ఆసియాను ఇంకా తాకక, సముద్రంలో ఉత్తరానికి జరుగుతున్న ఒంటరి ద్వీపం. టైరానోసార్ ఏ దారిన వస్తుంది?

తెలుగునేల రాక్షసిబల్లిని చూడాలంటే హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రానికి వెళ్ళండి. యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్‌ను అక్కడ నిలబెట్టారు. భయపడకండి, అది ఆకులు మేసేది!