వేషమునకు వయఃపరిమితి

వేసవి సెలవులు వచ్చినంతనే మన కుటుంబములలోని పెద్దలు అమెరికాలోనున్న కుమారుల యిండ్లకో, కుమార్తెల యిండ్లకో ప్రయాణము కట్టుట నేడు సామాన్యమైన విషయము. అచ్చట మనుమలును మనుమరాండ్రును తాతగారి చేయి పట్టుకొని ముందుగా తీసికొనిపోవ గోరు స్థలము డిస్నీ వారి వినోదవనము. ఆ వనముల ద్వారముకడ ఒక నిబంధన కలదు. 14 ఏండ్లును, అంతకు పైబడిన వయస్సును గలవారు వేషము ధరించి లోపలికి రాకూడదు. పసివారు రాకుమార్తెలుగా, ఓడదొంగలుగా ముస్తాబై రావచ్చును. తలిదండ్రులు మాత్రము మామూలు దుస్తులతోనే రావలెను.

ఈ నిబంధనను గూర్చి రెండు విధములగు మాటలు వినబడుచున్నవి. "రుసుము చెల్లించి వచ్చిన పెద్దవారికి ఒక పూట వేషము వేసికొను స్వేచ్ఛయైనను లేదా?" అని కొందరందురు. "వయస్సు వచ్చినవారికి ఈ పిల్లచేష్ట లేల?" అని మరికొందరందురు. ఈ రెండును సరియైన మాటలు కావని మా అభిప్రాయము. వేషము పిల్లచేష్టయు కాదు, కేవలము స్వంత విషయమును కాదు. అది యితరుల నమ్మకముతో ముడిపడిన బాధ్యత.

1955 జూలై 17వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రమందలి అనాహైమ్‌లో మొదటి డిస్నీలాండ్ తెరువబడినది. 1971 అక్టోబరు 1వ తేదీన ఫ్లోరిడాలో మరింత విశాలమైన వనము వెలసినది. బొమ్మల చలనచిత్రములలోని పాత్రలు సజీవముగా ఎదురువచ్చి పలుకరించుట ఈ వనముల ప్రధానాకర్షణ. అయిదేండ్ల బిడ్డ మిక్కీని చూచి పరుగిడి కౌగిలించుకొనును. రాకుమార్తె చేత చిన్న పుస్తకములో సంతకము పెట్టించుకొనును. ఆ వేషము వెనుకనున్నవారు సంస్థ యుద్యోగులు. వారికి శిక్షణ కలదు, ప్రక్కన సహాయకులుందురు, పొరపాటు జరిగినచో సంస్థ జవాబు చెప్పవలెను. అదే దుస్తులతో ఎవరో అపరిచితుడు నిలిచియున్నచో ఆ బిడ్డ యెట్లు గుర్తింపగలదు? పిల్లవాడు వేషము వేసిన చూచి ముచ్చటపడుదుము. పెద్దవాడు వేసినచో పసివాడు నమ్మును. నిబంధనకు మూలము ఈ భేదమే. తరువాత భద్రతాభయములును తోడైనవి. 2015 డిసెంబరులో ఫ్లోరిడా వనముల ద్వారములవద్ద లోహశోధక యంత్రములు పెట్టి, బొమ్మ తుపాకుల అమ్మకము మాన్పి, పెద్దల వేషములపై కట్టడిని బిగించిరి.

అయినను తలుపు పూర్తిగా మూయలేదు. హాలోవీన్ పండుగ పేరిట ప్రత్యేకమైన టికెట్టుతో జరుగు సాయంకాలపు వేడుకలలో పెద్దలును వేషము వేయవచ్చును. అప్పుడును షరతులు కలవు. ముఖము కప్పు తొడుగు కూడదు, నేలకు జీరాడు దుస్తులు కూడదు, నిజమైన ఆయుధమని భ్రమ గొలుపు వస్తువు కూడదు, పాత్రధారివలె నిలిచి యితరులకు సంతకములు పెట్టరాదు. జపానులోని టోక్యో డిస్నీలాండ్‌లో హాలోవీన్ కాలమున నిర్ణీత దినములలో పెద్దలు సంపూర్ణ వేషముతో రావచ్చును. యూనివర్సల్ సంస్థవారు మాత్రము తమ హాలోవీన్ భయానక ప్రదర్శనలకు వచ్చువారికి వేషములు, ముఖపు తొడుగులు నిషేధించిరి. చీకటిలో నటుడెవరో ప్రేక్షకుడెవరో తెలియనిచో ప్రమాదము గదా!

నియమము న్యాయమైనదే. దాని ఆచరణలో లోపములు లేవని మేమనము. 2019లో 'స్టార్ వార్స్' చిత్రముల పేరిట క్రొత్త ప్రాంగణము తెరచినప్పుడు, అందలి వీరులు ధరించు నిలువుటంగీలను లోపలి దుకాణములోనే అమ్మకమునకు పెట్టిరి. కొన్న పెద్దవారు మాత్రము అచ్చట వానిని తొడుగుకొనరాదనిరి. సొమ్ము పుచ్చుకొను చేయియే అడ్డగించు చేయి యగుట మర్యాద గాదు. ఇక వయస్సను కొలబద్దయు మోటుదే. మనుమరాలి ముచ్చట తీర్చుటకు కిరీటమును పట్టుదుస్తులను ధరింపగోరు అమ్మమ్మ యెవరిని మోసగింప వచ్చినది? ఇట్టివారు పాత్రను స్ఫురింపజేయు రంగుల మామూలు దుస్తులు ధరించి సరదా తీర్చుకొనుచున్నారు. దీనికి 'డిస్నీబౌండింగ్' అని పేరు. నియమమును మీరక ఉత్సాహమును నిలుపుకొను ఈ ఉపాయము మెచ్చదగినది.

పెద్దల వేషమునకు కట్టుబాటు అమెరికావారు క్రొత్తగా కనిపెట్టినది కాదు. తంజావూరు ప్రాంతమందలి మెలట్టూరులో ఏటేట నృసింహజయంతి సందర్భమున మన తెలుగు నాటకములతోనే భాగవతమేళము జరుగుచున్నది. 'ప్రహ్లాదచరిత్రము'లో నరసింహుని ముఖమును ధరించు నటుడు ఆనాడు ఉపవసించును. ఆ ముఖమునకు పూజ జరుగును. ఒడిశాలోని బరంపురమున రెండేండ్లకొకసారి జరుగు ఠాకురాణి యాత్రలో పెద్దలు మ్రొక్కు తీర్చుటకు పులివేషములును దేవతావేషములును వేయుదురు. ఆ యాత్రతో అచ్చటి తెలుగు చేనేతవారికి తరతరముల అనుబంధము కలదు. ఈ రెండు చోట్లను వేషము వేయునది పెద్దవారే. కాని ఎవరు, ఎప్పుడు, ఎందుకు వేయవలెనో సమాజము నిర్ణయించినది. వేషము వెనుకనున్న మనిషిని ఊరివారెరుగుదురు. వేలాది అపరిచితులు ఒకనాడు కూడి మరునాడు విడిపోవు వనములో ఆ యెరుక లేదు. ఊరిలో ముఖపరిచయము చేయు పనిని అచ్చట వయఃపరిమితి చేయుచున్నది.

ఇంతవరకు నియమమును సమర్థించితిమి. ఇక మన మనస్సులను కలత పెట్టు మాట చెప్పవలెను. వేషమునకును వస్త్రమునకును సరిహద్దు గీయునదెవరు? డిస్నీ నిబంధనలలో చీర గాని పంచె గాని తలపాగా గాని కూడదను మాట లేదు. కాని నేలకు జీరాడు దుస్తు లేవియు కూడదని అన్ని దినములకును వర్తించు షరతు కలదు. కుచ్చెళ్లు పాదములను కప్పు పట్టుచీరతో వచ్చిన పెద్దముత్తైదువను చూచి, మన కట్టు నెరుగని ద్వారపాలకుడు ఏమనుకొనును? ఆమెకది నిత్యవస్త్రము, అతని కంటికి రాకుమార్తె వేషముగా తోచవచ్చును. పరభాషల నడుమ తరతరములుగా బ్రదుకుచున్న మనకు ఈ అనుభవము క్రొత్తది కాదు. మన పలుకు పొరుగువారికి వింతగా, మన బొట్టును కట్టును వారి పిల్లలకు విడ్డూరముగా తోచిన దినములను మన పెద్దలు మరువలేదు. ఒకరి నిత్యజీవితము మరొకరికి వేషముగా కనబడుటయే అల్పసంఖ్యాకుల చిక్కు.

కావున మేము కోరునవి రెండు. నియమకర్తలు ముఖమును దాచుటను, పాత్రధారి ననిపించుకొనుటను, ప్రమాదకరమైన వస్తువులను నిషేధింతురు గాక. దానికి మేము చేతులెత్తి సమ్మతింతుము. కాని నానా దేశముల వారి నిత్యవస్త్రములు వేషములు కావని వ్రాతమూలకముగా చేర్చి, ద్వారమున నిలుచు ఉద్యోగికి నేర్పవలెను. సందేహము కలిగినచో నలుగురిలో నిలువరింపక ప్రక్కకు పిలిచి మర్యాదతో అడుగవలెను.

మనవారికిని ఒక మనవి. బయలుదేరుటకు ముందే ఆనాటి నియమములను పిల్లలచేత చదివించుకొనుడు. చీర కట్టుకొనియే వెళ్లుడు. నేలకు బెత్తెడు పైగా కట్టుకొన్నచో నడకకును సుఖము. ఎవరైన అడిగినచో చిన్నబుచ్చుకొనక, "ఇది మా యింటి కట్టు" అని నెమ్మదిగా చెప్పుడు. ఆ మాట ప్రక్కనున్న మనుమరాలు వినును. నాయనమ్మ ధరించినది వేషము కాదని ఆ బిడ్డ తెలిసికొనుట మనకు ఆనాటి వినోదమున కంటె విలువైనది.