ఒక్క అక్షరమే కదా!

ఉక్రెయినీ కేవలం రష్యను భాషకు యాస అని తీర్పు చెప్పే మహానుభావులు ముందు దానిని చెవితో చదవాలి. రష్యనులో గకారంగా పలికే లిపి ఉక్రెయినీలో హకారం; మన శిక్షాకారులు ఘోషవర్ణమన్న హకారం వంటిదే. అసలు గకారానికి చిన్న కొమ్మున్న వేరొక అక్షరముంది. దానిని సోవియట్ పాలకులు 1933లో వర్ణమాల నుండి తొలగించారు. 1990లో గాని అది తిరిగి రాలేదు.

"హ్నిత్" అనగా పీడన. "గ్నిత్" అనగా దీపపు వత్తి. యాభైయేడేళ్ళు అక్కడి బడిపిల్లలు వత్తినీ పీడననూ ఒకే రీతిగా వ్రాశారు! పుటలో చెరిగిన భేదం నాలుకపై ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఱకారమూ దంత్య చకారమూ మనకు దండుగ అనే మిత్రులారా, మనను ఏ పాలకుడూ ఆజ్ఞాపించలేదు. అక్షరమంటే నశించనిది. దానిని నశింపజేయడానికి మనకింత తొందరెందుకు?