ప్రేగువాపునకు బూజుమందులు

ఇటీవల గ్రామములలో నొక మాట వ్యాపించుచున్నది. బహుకాలము రక్తవిరేచనములతో బాధపడువారి ప్రేగులలో బూజు చేరినదనియు, వెల్లుల్లి, వేపనూనె, పసుపు సేవించినచో ఆ బూజు చచ్చి వ్యాధి సమూలముగా పోవుననియు, అటుపై వైద్యుని మందు మానవచ్చుననియు చెప్పుచున్నారు. ఇట్టి పొడులను సంఘపు దుకాణములం దుంచవలెనని కోరు సభ్యులును కలరు. కావున మా యభిప్రాయమును విన్నవించుచున్నాము.

ఆ మాటలో సత్యము బొత్తిగా లేకపోలేదు. దీర్ఘకాలపు ప్రేగువాపు ముఖ్యముగా రెండు విధములు: పెద్దప్రేగు పుండ్లుపడు అల్సరేటివ్ కొలైటిస్ ఒకటి, నోటి మొదలు ఆసనము వరకు ఎచ్చటనైనను రాగల క్రోన్స్ వ్యాధి రెండవది. తలచుండ్రుతో సంబంధముగల మలసీజియా యను బూజు క్రోన్స్ రోగులలో కొందరి ప్రేగులయందు కానవచ్చుచున్నదనియు, చిట్టెలుకలలో వాపును హెచ్చించుచున్నదనియు 2019లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కాని వాపును హెచ్చించుట వేరు, వ్యాధికి మూలమగుట వేరు. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి ప్రేగుపై తిరుగబడుట ఈ వ్యాధుల లక్షణము.

బూజును చంపుట రైతునకు క్రొత్తపని కాదు. 1885లో ఫ్రాన్సు దేశమున మిల్లార్డె పండితుడు ప్రకటించిన బోర్డో మిశ్రమమును మనము నేటికిని చల్లుచున్నాము. మైలుతుత్తమును సున్నమును కలిపిన ఆ నీరు ఆకుమీది బూజును అణచును. అంతమాత్రమున దానిని త్రాగువాడు కలడా? గాజుపళ్లెములో వెల్లుల్లిరసము బూజును చంపుట నిజమే. పళ్లెము వేరు, ప్రేగు వేరు. వేపనూనె త్రాగించుటచే పసిపిల్లలకు మూర్ఛలు వచ్చి ప్రాణములు పోయిన సందర్భములు వైద్యగ్రంథములకు ఎక్కియున్నవి.

పసుపు విషయము కొంత మేలు. 2006లో జపానులో, అల్సరేటివ్ కొలైటిస్ అణగియున్న రోగులకు పసుపుసారమగు కుర్కుమిన్ దినమునకు 2 గ్రాముల చొప్పున 6 నెలలు ఇచ్చి చూచిరి. సారము తినిన 43 మందిలో ఇద్దరికిని, వట్టి మాత్రలు తినిన 39 మందిలో 8 మందికిని వ్యాధి తిరగబెట్టెను. అయితే ఆ రెండు తెగలవారును వైద్యుడిచ్చిన మందును మానలేదు. ఈ సంగతిని పొడులమ్మువారు చెప్పరు. మరియు పసుపుపొడిలో కుర్కుమిన్ నూటికి సుమారు 3 పాళ్లే. 2 గ్రాములకు సుమారు 67 గ్రాముల పొడి కావలెను. పాలలో వేయు చిటికెడు పసుపు ఆ పని చేయజాలదు.

రక్తవిరేచనములు అమీబా వలనను, ప్రేగుక్షయ వలనను కూడ కలుగును. ప్రేగువాపునకిచ్చు కొన్ని మందులు ఆ రోగములను ముదిరించును. కనుక పరీక్ష లేనిదే వ్యాధికి పేరు పెట్టరాదు.

మా అభిప్రాయ మిది. సంఘపు దుకాణమున ఇట్టి పొడులను అమ్మరాదు. రక్తము పడువారిని జాగుచేయక ప్రభుత్వ వైద్యశాలకు పంపవలెను. తోడివారు దారిఖర్చునకు సాయపడవలెను. పసుపు వాడదలచినవారు వైద్యునితో చెప్పి, మందుతోపాటే వాడవలెను. ఇక పసుపు పండించువారికొక మాట: బంగ్లాదేశములో కొమ్ములకు మెరుగుపెట్టుటకై సీసపు రంగు పూయుచుండుటను 2019లో పరిశోధకులు బయటపెట్టిరి. మన కొమ్ములకు అట్టి మచ్చ రానీయకుండుట మనచేతిలోని పని. మందని నమ్మి తినువానికి విషమమ్ముటకంటె పాపము లేదు. సభ్యులు రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని ఆలోచింతురుగాక.