మామిళ్లు అయిపోయాక వచ్చే కాగితం

మొన్న ఏప్రిల్‌లో మా కొత్తపేట చౌరస్తా దగ్గర ఒక బండి మీద పెట్టెడు బేనిషాన్ కొన్నాను. ఇంటికొచ్చి అడుగున ఉన్న వరిగడ్డిలో చేయి పెడితే, పేపరు ముక్కలో చుట్టిన పొట్లం తగిలింది. విప్పితే బూడిదరంగు గడ్డలు, సగం పొడైపోయి ఉన్నాయి. సింకులో వేసి ఒక చుక్క నీళ్లు చల్లాను. సుయ్యిమని పొంగింది, వెల్లుల్లి కుళ్లినట్టు వాసన కొట్టింది. కాయ చూస్తే నిమ్మపండులా పసుపు. కోస్తే టెంక చుట్టూ తెలుపు, నోట్లో పులుపు.

మర్నాడు వెళ్లి నిలదీశాను. "నేను పెట్టలే సార్, పెట్టె అట్లనే వచ్చింది" అన్నాడు. నేను కదలకపోయేసరికి, "గ్యాస్ రూముల మాగబెట్టాల్నని నాకు తెల్వదా? నా పది పెట్టెలకు రూము ఎవడిస్తడు? కిరాయి ఎంతో మీరే చెప్పుండ్రి" అన్నాడు. నాకు తెలీదు. ఇంటికొచ్చి సర్కారు మార్గదర్శకాలన్నీ తిరగేశాను. వాటికీ తెలీదు.

నా కోపం ఆ బండివాడి మీద నుంచి ఈ కాగితాల మీదికి మళ్లింది అక్కడే.

ఆ పొట్లంలోది కాయలు మాగబెట్టే కార్బైడ్. దాని మీద నిషేధం నిన్నటిది కాదు. పాత కల్తీ నిరోధక నిబంధనల్లోనే ఉంది. 2006 ఆహార భద్రతా చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల్లో మళ్లీ రాశారు. 2015లో ఉమ్మడి హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టి రెండు తెలుగు సర్కార్లనూ గట్టిగా అడిగింది. 2016లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఇథిలీన్ వాయువును 100 పీపీఎం దాకా వాడుకోవచ్చంది. ఆ తర్వాత దాని మీద ఒక మార్గదర్శక పత్రం తెచ్చింది. 2024లో మరోసారి హెచ్చరించింది. ఎప్పుడు? మే మూడో వారంలో! మన మార్కెట్టుకు మామిడి మార్చిలోనే దిగుతుంది. మే మూడో వారానికి ఊరంతా తినాల్సింది చాలావరకు తినేసింది. పెళ్లి భోజనాలు అయ్యాక విస్తళ్లు పంచినట్టు.

పత్రంలో శాస్త్రం తప్పని నేననను. కాయ తనంతట తాను పండేటప్పుడు వదిలేది ఇథిలీనే. కార్బైడ్ తేమ తగిలి వదిలేది అసిటలీన్, దాని వెంట ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు. గాలి చొరబడని గది కావాలి, చల్లదనం కావాలి, తేమ ఉండాలి, లోపల పోగయ్యే బొగ్గుపులుసు వాయువును ఎప్పటికప్పుడు బయటికి తోలాలి. అన్నీ నిజాలే. ఆ గదికి మోటారు, కరెంటు, జనరేటరు, చూసుకునే మనిషి కావాలి. వాటి ఖర్చు ఎవరిదో రాయాల్సిన చోట మాత్రం తెల్లకాగితం.

ఆ గదులు వరసగా కట్టుకోవడానికి మా పక్కనే 22 ఎకరాలుండేవి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్. మాకు వేసవి వచ్చిందని చెప్పేది క్యాలెండర్ కాదు, ఆ లారీల వరస, రోడ్డు పొడుగునా గడ్డి, పులిసిన పండ్ల వాసన. 2020లో మామిడి సీజనుకు ఆ మార్కెట్‌ను కొహెడకు పంపారు. మే నెలలో ఈదురుగాలికి అక్కడి షెడ్లు కూలి జనం గాయపడ్డారు. 2021లో బాటసింగారం లాజిస్టిక్ పార్కుకు తోలారు. కోర్టు గొడవల నడుమ 2022 మార్చిలో ఇక్కడివి కూల్చేశారు. ఏప్రిల్ 26న అదే నేల మీద టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. ఆసుపత్రి వద్దని నేనెందుకంటాను? కానీ వచ్చే ఏడు తన దుకాణం ఏ ఊళ్లో ఉంటుందో తెలియని వ్యాపారి లక్షలు పోసి చల్లగది కడతాడా? మూడేళ్లలో రెండు చోట్లకు తరిమిన ఆ వ్యాపారికే "గాలి చొరబడని గది కట్టుకో" అని రాసిచ్చారు. ఇక కొల్లాపూర్ మామిడి రైతు సంగతి ఆ పత్రంలో వెతక్కండి. పూత మీదే తోటను గుత్తకిచ్చినవాడికి కాయ ఎప్పుడు కోస్తారో చెప్పే హక్కు లేదు. మొదటి లారీకి ధర పలుకుతుంది కాబట్టి గుత్తేదారు పచ్చికాయే దింపుతాడు. మందు అవసరం పుట్టేది ఆ చెట్టు కింద, తనిఖీ జరిగేది మాత్రం మా చౌరస్తాలో బండి దగ్గర.

వినాయకుడి విషయంలోనూ ఇదే తంతు. విగ్రహాల నిమజ్జనంపై కేంద్ర కాలుష్య నియంత్రణ బోర్డు 2010లో ఒకసారి రాసింది, 2020 మేలో సవరించింది. కొద్దిరోజులకే కరోనా పేరు చెప్పి ఏడాది వాయిదా వేశారు. మట్టి విగ్రహానికీ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహానికీ ఉన్న ధర తేడా ఎవరు భరించాలో రెండు పత్రాల్లోనూ లేదు. సరూర్‌నగర్ చెరువు గట్టు మీద నిమజ్జనం మర్నాడు నిలబడితే ఇనుప చువ్వలూ తెల్లటి చేతులూ నీళ్లలోంచి పొడుచుకొచ్చి కనిపిస్తాయి.

అన్నిటికన్నా ఒళ్లు మండేది చల్లటి పైకప్పుల విధానం చూస్తే. 2023 ఏప్రిల్ 3న తెలంగాణ సర్కారు విడుదల చేసింది, 2028 దాకా అమలు. ఇలాంటి ఆలోచన చేసినందుకు మెచ్చుకున్నాను కూడా. తర్వాత చదివాను. ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపైన ఉంటేనే తప్పనిసరి, మిగతావాళ్లకు ఇష్టమైతే. 600 గజాలు! మా కాలనీల్లో ఎవరికున్నాయి? చైతన్యపురి నుంచి నాగోలు దాకా నడవండి, అంతా నూరు గజాలూ నూటయాభై గజాలే. నాలుగంతస్తులు లేపి, మీద రేకులు వేసి, ఆ రేకుల కింద ఇంకో కుటుంబాన్ని అద్దెకు పెడతారు. చదరపు మీటరుకు 300 రూపాయలే అవుతుందని ఆనాటి మంత్రి కేటీఆర్ లెక్క చెప్పారు. నూరు గజాల కప్పుకు పాతికవేలు. ఓనరు పెట్టడు, వేడి ఆయనకు తగలదు. అద్దెకున్నవాడు పెట్టలేడు, కప్పు అతనిది కాదు. ఎండ ఎక్కువగా కాల్చేదెవరినో వాళ్లను వదిలేసి, ఏసీ ఉన్నవాడి కప్పుకు తెల్లరంగు తప్పనిసరి చేశారు.

మా అమ్మమ్మ ఊళ్లో ప్రతి ఉగాదికీ మిద్దెకు సున్నం కొట్టేవాళ్లు. దానికి ఐదేళ్ల ప్రణాళిక లేదు, ఓ బస్తా సున్నం, చీపురుకట్ట ఉండేవి. ఆస్తిపన్ను రశీదుతో పాటు ఓ బస్తా సున్నం ఇవ్వమనండి, రేకుల గదులతో మొదలెట్టమనండి. ఫిబ్రవరిలోగా బాటసింగారం గేటు దగ్గర బోర్డు పెట్టమనండి: సర్కారు మాగబెట్టే గది, పెట్టెకు ఇంత, మాగాక తీసుకెళ్లొచ్చు. పెద్దక్షరాలతో తెలుగులో, ఉర్దూలో. ఆ తర్వాత కూడా పొట్లం దొరికితే బండి ఎత్తుకుపొండి, నేనే సాక్ష్యం చెబుతాను.

అప్పటిదాకా విధానాలు రాసేవాళ్లు మా వెనక వీధికి ఓసారి రావాలి. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలకు. నాలుగో అంతస్తు మీద రేకుల గది, ఫ్యానుంది, కరెంటుంటే తిరుగుతుంది. కుర్చీ నేనే వేస్తాను. ఆ పాలసీని మొదటి పేజీ నుంచి అక్కడే కూర్చుని పైకి చదవండి.